అంటు కట్టిన వసంతం: జపాన్ సకురా వేడుక

సభకు నమస్కారం. జపాన్ చెర్రీ పూలు, అంటే సకురా, వారం పది రోజుల్లో రాలిపోతాయన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ కొద్ది రోజుల పూత కోసం ఏడాది పొడవునా, తరతరాలుగా మనుషులు పడుతున్న శ్రమ గురించి ఈ రోజు చెప్పాలని వచ్చాను.

పూల కింద కూడి ఆనందించే ఆచారాన్ని అక్కడ హనామి అంటారు. 8వ శతాబ్దంలో నారా రాజధానిగా ఉన్నప్పుడు కులీనులు చైనా నుంచి వచ్చిన ఉమె అనే రేగడి జాతి పండ్ల చెట్టు పూలనే ఎక్కువగా కీర్తించారు. రాజధాని క్యోటోకు మారాక మనసులు సకురా వైపు మళ్లాయి. 812లో సాగా చక్రవర్తి షిన్‌సెన్‌ఎన్ ఉద్యానంలో చేసిన పూల విందు రాజ్య చరిత్రలో నమోదైంది. 1598లో జపాన్‌ను ఏలిన సేనాని తొయొతోమి హిదెయోషి క్యోటోలోని దైగో ఆలయంలో జరిపిన వేడుక కోసం సుమారు 700 చెట్లను తెప్పించి నాటించాడు. అయితే నాకు వీరందరికంటే గొప్పవాడిగా కనిపించేది 8వ షోగన్, అంటే సైనిక పాలకుడు, తొకుగావా యోషిమునే. ఆయన 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇప్పటి టోక్యోలోని అసుకాయామా గుట్ట మీద, సుమిదా నది గట్ల మీద చెట్లు నాటించి, సామాన్య జనం భోజనాలు కట్టుకుని వచ్చి కూర్చునే వీలు కల్పించాడు. ఆ గట్టు మీది చోమెయిజి ఆలయ కాపలాదారు రాలిన ఆకులను ఉప్పులో ఊరబెట్టి తీపి పదార్థానికి చుట్టి అమ్మాడని, టోక్యో తరహా సకురా మోచి అలా పుట్టిందని చెబుతారు.

నేడు ఉద్యానవనాల్లో అధికంగా కనిపించేది సోమెయి యోషినో అనే రకం. షోగన్ల పాలన సాగిన ఎదో యుగం చివర, ఇప్పటి టోక్యోలో భాగమైన సోమెయి అనే ఊరి నర్సరీల నుంచి ఇది వ్యాపించింది. ఈ చెట్లు తమలో తాము ఫలదీకరణ చెందవు కనుక, మన బంగినపల్లి మామిడిలాగే ప్రతి చెట్టునూ ఎవరో ఒకరు అంటు కట్టి పెంచవలసిందే. జన్యుపరంగా అన్నీ ఒకే చెట్టు కావడం వల్లే ఒక ఊళ్లోని చెట్లన్నీ దాదాపు ఒకేసారి పూసి, ఆకు తొడగకముందే కొమ్మలను కప్పేస్తాయి.

మొగ్గలు ముందటి వేసవిలోనే ఏర్పడి నిద్రలోకి జారుకుంటాయి. శీతాకాలపు చలి తగలనిదే మేల్కోవు, ఆపై వెచ్చదనం రానిదే విచ్చుకోవు. అందుకే మార్చి చివర దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో, టోక్యోలో కనిపించే పూత ఏప్రిల్ చివరకో, మే మొదటికో ఉత్తర దీవి హొక్కైదో చేరుతుంది. టోక్యో వాతావరణ శాఖ యసుకుని ఆలయ ప్రాంగణంలోని ఒక చెట్టును గమనిస్తూ, దానికి ఐదారు పూలు విచ్చుకోగానే పూత మొదలైందని ప్రకటిస్తుంది. క్యోటోలోనైతే పూర్వీకులు దినచర్యల్లో రాసుకున్న పూల విందుల తేదీల ఆధారంగా పన్నెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్లవచ్చు. ఆ వరుసలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత ముందుగా 2021 మార్చి 26న నిండు పూత వచ్చింది. విందు చేసుకున్నవారి రాతలు నేడు వాతావరణ మార్పుకు సాక్ష్యమిస్తున్నాయి.

చెర్రీ కొమ్మ కోసేవాడు మూర్ఖుడని జపాన్‌లో ఒక సామెత ఉంది. ఆపిల్ తోటలకు పేరుపడ్డ ఉత్తర జపాన్ పట్టణం హిరోసాకిలో మాత్రం ఆపిల్ చెట్ల కత్తిరింపు పద్ధతినే కోట ఉద్యానంలోని చెర్రీలకు అన్వయించారు. అక్కడ వందేళ్లు దాటిన సోమెయి యోషినోలు ఇప్పటికీ విరగబూస్తున్నాయి. గిఫు ప్రాంతంలో పదిహేను వందల ఏళ్ల వయసుందని చెప్పే ఉసుజుమి అనే చెర్రీ చెట్టు ఎండిపోతున్నప్పుడు, 1949లో ఒక దంతవైద్యుడు రెండు వందలకు పైగా లేత మొక్కల వేళ్లను దాని వేళ్లకు అంటు కట్టి బతికించాడు. నాకు ఏ చక్రవర్తి విందు కంటే ఈ పనే మిన్న.

వసంతంలో అక్కడికి వెళ్లేవారికి ఒక విన్నపం. చెర్రీ వేళ్లు పైపైనే పాకుతాయి, తొక్కిడికి నేల గట్టిపడితే వాటికి గాలి అందదు. అందువల్ల చాపను చెట్టు మొదలుకు దూరంగా పరచండి, ఫొటో కోసం కొమ్మను వంచకండి. మార్చి చివర టోక్యో పూత తప్పిపోతే నిరాశపడక ఏప్రిల్ ద్వితీయార్ధంలో హిరోసాకి వెళ్లండి.