తప్పు వీసా మీద పోయినా మన మనిషే

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను, ఏమనుకోకండి. జూన్ 26, చిత్రహింసల బాధితుల దినం కాబట్టి చట్టాల గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ముందు మా చెల్లెలి సంగతి చెప్పాలి.

మాది రాయచోటి పక్క పల్లె. మా పిన్ని కూతురు 26 ఏళ్లప్పుడు ఇంటిపనికి కువైట్ పోయింది. పది పాసవ్వని ఆడమనిషి గల్ఫ్‌లో పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం రూలు. కాపాడటానికే పెట్టారు. ఏజెంటు ఏం చేశాడూ, విజిట్ వీసా మీద ఇంకో దేశంలో దించి, అక్కణ్నుంచి దాటించాడు. ఆర్నెల్లు ఫోన్ లేదు. ఒకరోజు బాత్రూంలో కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, ఇస్త్రీపెట్టె చూస్తే వణుకొస్తాంది." అంతే. చొక్కా కాలర్ మీద ముడత కనపడితే వేడి పెట్టె కొస చేతి మీద ఆనించేవాళ్లంట. మచ్చ ఇప్పటికీ ఉంది, మూడు మూలలుగా.

ఆ మెసేజ్ పట్టుకుని నేనొక ఆఫీసుకు పోయాను. అక్కడి సారు విననైనా వినలేదు. "విజిట్ వీసానా? అయితే మా రికార్డులో లేదమ్మా" అన్నాడు. రికార్డులో లేదు! రేషన్ కార్డులో ఉంది, ఓటరు లిస్టులో ఉంది, పాస్‌పోర్టు మీద అశోకుడి సింహాలున్నాయి, ఆ ఒక్క రికార్డులో లేదని వదిలేస్తారా?

చట్టం దగ్గరికే వస్తున్నాను. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పరాయి దేశంలో అరెస్టయిన మనిషికి తన ఎంబసీతో మాట్లాడే హక్కుంది. ఎంబసీవాళ్లను కలవనివ్వకుండా పాకిస్తాన్ జైల్లో పెట్టిన కుల్‌భూషణ్ జాదవ్ కోసం మన ప్రభుత్వం 2017లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టు దాకా పోయి, 2019లో పాకిస్తాన్‌ది తప్పని తీర్పు తెచ్చింది. గట్టిగా పట్టుబట్టగలరు, చూశాం. కానీ మా చెల్లెల్ని పోలీసులు పట్టుకోలేదే, సేటు ఇంట్లో తాళం పెట్టారు. ఎంబసీతో మాట్లాడే హక్కు ఆ ఒప్పందంలో వంటింట్లో బందీకీ ఉంది. కానీ అరెస్టయినవాడు అడిగితే ఎంబసీకి కబురు పంపాల్సిన బాధ్యత పోలీసులకుంది, వంటింట్లో బందీ కోసం కబురు పంపే బాధ్యత అందులో ఎవరికీ పెట్టలేదు. పారిపోతే కఫీలు, అంటే వీసా పూచీ పడ్డ యజమాని, పరారీ కేసు పెడతాడు, దెబ్బలు తిన్నదే దొంగవుతుంది.

ఇంకో మాట, ఇది చెప్పకుండా దిగను. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో కువైట్ 1996లో చేరింది, సౌదీ 1997లో చేరింది. మనం 1997లో సంతకం పెట్టాం, ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లు పాస్ చేసింది, తర్వాత అది మురిగిపోయింది. మనమే చేరని ఒప్పందం చూపించి ఎదుటివాణ్ని ఏమని నిలదీస్తాం?

చివరికి ఆమె తనే గోడ దూకి ఎంబసీకి చేరింది. పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రావడానికి ఔట్‌పాస్ అనే కాగితం ఇచ్చారు, టికెట్ కూడా వాళ్లే కొన్నారు, ఆ మేలు మరిచిపోను. కానీ గోడ దాటే దాకా ఎవరూ వెతకలేదు కదా!

వెనక కూర్చున్న అమ్మల్లారా, మీ ఇళ్లల్లో ఎవరో ఒకరు అక్కడున్నారు. కలెక్టర్‌కు ఇవ్వడానికి ఒక అర్జీ అటువైపు నుంచి వస్తోంది. వీసా ఏదైనా సరే, కొడుతున్నారని ఇంటివాళ్లు చెప్పిన రోజే ఎంబసీకి కబురు పోవాలని రాశాం. సంతకం రాకపోతే వేలిముద్ర వేయండి, స్టాంప్ ప్యాడ్ ఆ టేబుల్ మీదుంది.