అలుయెత్: చేను విడవని మాట

అందరికీ నమస్కారం.

భరతపక్షిని ఫ్రెంచివాళ్లు అలుయెత్ అంటారు. పొలంలోంచి నిట్టనిలువునా లేచి, కంటికి ఆనని ఎత్తుకు పోయాక కూడా పాట ఆపని పిట్ట అది. పేరు వినగానే లాటిన్ చదివినవారికి ‘లౌదారే’, అంటే కీర్తించడం, గుర్తొస్తుంది. ఎంత చక్కగా కుదిరిందో! ఇంత చక్కగా కుదిరిన వ్యుత్పత్తిని చూస్తే నాకు ముందు అనుమానమే కలుగుతుంది.

ఈ అనుమానానికి సాక్షులు ఇద్దరు రోమనులే. వెనుక ఈ పిట్టను తలమీది కుచ్చును బట్టి ‘గలేరిత’ అనేవారని, తరువాత దానికి నేటి ఫ్రాన్స్ ప్రాంతపు పాత భాషైన గాల్ భాషలోని ‘అలౌద’ పేరు వచ్చిందని, అదే ఒక సైనిక దళానికీ పేరైందని 1వ శతాబ్దంలో ప్లినీ రాశాడు. ఆ దళాన్ని ఆల్ప్స్‌కు ఆవలి గాల్ ప్రజల నుంచి జూలియస్ సీజర్ సొంత ఖర్చుతో కూర్చాడని సుయెటోనియస్ చెబుతాడు. వారికి రోమన్ పద్ధతిలో తర్ఫీదిచ్చి, చివరకు అందరికీ పౌరసత్వమూ ఇచ్చాడట. మనుషులు రోమనులయ్యారు గానీ పేరు గాల్‌దే.

కాలక్రమంలో గాల్ భాష అంతరించింది. ఫ్రెంచిలో మిగిలిన దాని మాటలు కొద్ది. సింధూర (ఓక్) వృక్షానికి ‘షెన్’, నాగలికి ‘షారూ’, పిట్టకు అలుయెత్. సర్కారు కచేరీలో లాటిన్ చెల్లింది, చేలో పాతమాటే నిలిచింది.

అలౌదలోని ‘ద’ అరిగిపోయాక, మిగిలినదానికి ‘ఎత్’ అనే ముద్దు ప్రత్యయం చేరింది. ఆ తరువాత అసలు మాట పోయి ముద్దుపేరే నిలిచింది. మన ఇళ్లలో బుజ్జి అరవై ఏళ్లు వచ్చినా బుజ్జిగానే ఉండిపోడూ, అలాగన్నమాట. ఫ్రెంచికి ఇది అలవాటే. పక్షిని ‘వాజో’ అంటారు, అదీ ‘చిన్న పిట్ట’ అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే.

ఇంత ముద్దుగా పిలిచి, పట్టుకు తిన్నారు. గుండ్రంగా తిరిగే చెక్కకు అద్దం ముక్కలు పొదిగి, మెరుపుకు దిగిన పిట్టలను వేటాడేవారు. నేటికీ ఫ్రెంచిలో ‘భరతపక్షుల అద్దం’ అంటే మభ్యపెట్టే ఎర. ప్రొవాన్స్‌లో ‘తలలేని అలుయెత్’ అని ఒక వంటకం ఉంది. చుట్టిన గొడ్డుమాంసం తప్ప అందులో పిట్ట ఈక కూడా ఉండదు.

1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఈ ప్రజాతికి అలౌద అని పేరు పెట్టాడు. మన పొలాల మీద పాడే భరతపక్షి అలౌద గుల్గుల. లాటిన్ పేరని పుస్తకాలు అంటాయి. ప్లినీని అడిగితే ఒప్పుకోడు.