ఒక వేలా, రెండు వేళ్లా?

అందరికీ నమస్కారం. ఈ గదిలో కొందరికి వచ్చే వారమో, ఆపై వారమో నోటి ఆపరేషన్ ఉంది. వాళ్లకు చెప్పాల్సింది డాక్టర్లు చెబుతారు. నేను మాట్లాడేది వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లతో. మీ ముఖాల్లో టెన్షన్ వాళ్లకంటే ఎక్కువే కనిపిస్తోంది.

నేను లెక్కల మాస్టారిని. నోరే నా బతుకుతెరువు. కింది దవడలో పెద్ద నీటితిత్తి తేలింది. క్యాన్సర్ కాదు గానీ లోపల ఎముకను గుల్ల చేసేసింది. దాన్ని తొలిచేసి, ఎముక విరగకుండా ప్లేటు వేసి, పై పళ్లను కింది పళ్లతో తీగలు పెట్టి కట్టేశారు. నాలుగు వారాలు నోరు తెరవలేదు.

ఇంటికి పంపేటప్పుడు తీగలు కత్తిరించే కటింగ్ ప్లయర్ ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టారు. వాంతి వస్తే ముందుకు వంగి తల కిందికి దించాలి, తాగిందంతా ద్రవమే కాబట్టి పళ్ల సందుల్లోంచి బయటికి వచ్చేస్తుంది, ఊపిరి ఆడకపోతేనే కత్తిరించాలి అని చెప్పి, ఏ తీగలో చూపించారు. తను దాన్ని మంచం కోడుకు తాడుతో కట్టేసింది. మా తమ్ముడు ఓ రోజు ఏదో స్విచ్ బాగుచేద్దామని దాన్ని విప్పబోతే, ఇంట్లో అంత గట్టిగా అరుపు నేను పెళ్లయ్యాక వినలేదు. దానితో పని పడలేదనుకోండి. మీకూ అలాంటిది ఇస్తే మాత్రం ఎవరినీ తాకనివ్వకండి.

మొదటి రోజు అద్దంలో చూసుకుని ఫర్వాలేదే అనుకున్నాను. మూడో రోజు పొద్దున చూస్తే ముఖం నాది కాదు. మా అమ్మ చూసి ఏడ్చేసింది. ఆపరేషన్ ఏదో చెడిపోయిందని అందరూ ఫోన్లు. నిజానికి వాపు రెండు మూడు రోజులు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఇంటిల్లిపాదీ ఆ పూట నిద్రపోయేవాళ్లు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్ 20 నిమిషాలు పెట్టడం, 20 నిమిషాలు తీసేయడం, తల కింద రెండు మూడు దిండ్లు. కమిలిన మచ్చ పసుపు రంగుకు తిరిగి మెడ మీదికి జారుతుంది, దానికీ భయపడక్కర్లేదు. ఉమ్మిలో ఎర్ర చార కనబడినా అంతే.

తగ్గుతున్న వాపు మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, చీము రుచి తగిలినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. నోటి నిండా రక్తం ఊరుతూ ఆగకపోతే, ఉమ్మి మింగలేకపోతే, నాలుక కింద ఉబ్బి పైకి లేస్తే, ఊపిరి కష్టమైతే ఫోన్లు చేస్తూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోండి.

ఇక మందులు. ఇక్కడ తప్పు మా ఇంట్లోనే జరిగింది. రాత్రి 11కి మా ఆవిడ నొప్పి మందు పట్టి పడుకుంది. 2 గంటలకు నేను మూలుగుతుంటే కాపలా ఉన్న తమ్ముడు పాపం జాలిపడి ఇంకో సీసాలోది పోశాడు. పేర్లు వేరు, రెండింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్‌కు ప్రమాదం. ఆ రోజు లెక్క కట్టుకుంటే దాటలేదు. లెక్క కట్టింది కూడా నేనే, పలక మీద! తెల్లారేసరికి సీసాల పక్కన ఒక నోటుబుక్కు, దానికి దారంతో పెన్సిలు వచ్చాయి. టైము, మందు, ఎంత, ఎవరు ఇచ్చారు. రాయకుండా సీసా మూత తీయకూడదు. మా ఇంటి నుంచి మీరు పట్టుకెళ్లాల్సింది ఏదైనా ఉంటే అది ఆ నోటుబుక్కే.

తిండి సంగతి. అంతా వడగట్టిన ద్రవమే, సిరంజికి మెత్తటి గొట్టం తగిలించి బుగ్గ లోపలి నుంచి మెల్లగా. ఒకేసారి ఎక్కువ పోలేదు, అందుకని రెండు గంటలకోసారి కొంచెం. వారానికోసారి బరువు చూసుకోండి, తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. ఒక రోజు వేడి సూప్ పడుతున్నారు. నేను తాగుతూనే ఉన్నాను. మా అమ్మాయి ఉన్నట్టుండి "నాన్నా, పెదవి!" అంది. కింది పెదవి బొబ్బెక్కింది. నాకు తెలియనే లేదు. దవడ లోపలి నరం దెబ్బతింటే పెదవీ గడ్డమూ మొద్దుబారతాయి, స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. నాకు ఇప్పటికీ గడ్డం మీద గోరంత చోటు రాలేదు. ఆ తర్వాత చంటిపిల్లల పాలలాగా మా అమ్మాయి ప్రతిదీ మణికట్టు మీద చుక్క వేసి చూశాకే నాకు పట్టేది. గడ్డం మీద కారుతున్నదీ తెలియదు. అందరి ముందూ చెప్పకుండా, తువ్వాలు చేతికి అందించండి చాలు.

రెండో వారం గురించి ఎవరూ చెప్పరు. వాపు తగ్గుతుంది, పలకరింపులు తగ్గుతాయి, అప్పుడు మనిషి లోపల కుంగుతాడు. వచ్చినవాళ్లు "ఎలా ఉంది, ఏం పోస్తున్నారు, నొప్పి ఎక్కడ" అని మూడు ప్రశ్నలు ఒక్కసారి వేసేవాళ్లు. నేను పలక మీద మొదటిదానికి జవాబు రాసేలోపు టాపిక్ మారిపోయేది. ఇంకొందరు నా ముందే, "మళ్లీ మామూలుగా మాట్లాడగలడంటావా?" అని మా ఆవిడను అడిగేవాళ్లు. కట్టింది నోరు కదా, చెవులు కాదు. ఒక సాయంత్రం పలక గోడకేసి కొట్టాను. మా ఆవిడ ఏమీ అడగలేదు, ముక్కలు ఏరి, పక్కన కూర్చుంది. ఆ మౌనానికి నేనెంత రుణపడ్డానో పలక మీద పట్టేది కాదు.

పరిష్కారం మా అమ్మాయే కనిపెట్టింది. ఒక వేలంటే అవును, రెండు వేళ్లంటే కాదు. ఇకపై ఇంట్లో అలా జవాబు చెప్పగలిగిన ప్రశ్నలే అడగాలి. "ఏం కావాలి?" కాదు, "దిండు ఎత్తు పెంచనా?" అని. అడిగేవాళ్లకు కాస్త కష్టం, ముందు వాళ్లు ఆలోచించుకోవాలి కదా. ఆ ఆలోచించడమే సేవ అని నా అభిప్రాయం.

రాత్రి కాపలా మాత్రం ఒక్కరి మీదే వేయకండి. తమ్ముడు రాకముందు మూడు రాత్రులు మా ఆవిడ కునుకు తీయలేదు. నాలుగో రోజు సిరంజి చేతిలో పట్టుకునే నిలబడి నిద్రపోయింది.

తీగలు విప్పిన రోజు నోరు ఒక వేలు మందం తెరుచుకుంది, అంతే. బిగుసుకుపోయిన కండరాలు సాగడానికి వ్యాయామాలు, వారాల పని. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నాన్నా, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది. నాలుగు వారాలుగా దాచుకున్న మాటలు బోలెడున్నాయి. అలవాటు కొద్దీ నేను ఒక వేలు చూపించాను.