తేలిక సైకిల్ ఎవరికి కావాలి?

అందరికీ నమస్కారం.

పొద్దున్నే ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ఇన్ని కిలోమీటర్లు తొక్కి, చెమట ఆరకముందే వచ్చి కూర్చున్నారు. కాబట్టి సాగదీయను. సీటు కింద ఉండే గొట్టం, అదే సీట్‌పోస్ట్, కార్బన్ ఫైబర్‌ది కొనొచ్చా, చక్రాల జత మార్చాలా, షిమానో 105 గేర్ల సెట్ తీసేసి దానికంటే తేలికైన అల్టెగ్రా వేయించుకోనా అని మన గ్రూపులో ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తేలిక పార్టుల కోసం అంత డబ్బు పెట్టడం దండగా, కాదా అన్నదే అసలు సందేహం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇక్కడ కూర్చున్న చాలామందికి అక్కర్లేదు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల ఊసు మనం ఎత్తడం లేదు.

ముందు లెక్క చూద్దాం. మనిషి 75 కిలోలు, సైకిల్ 9 కిలోలు, నీళ్లు, పంపు, ట్యూబు కలిపి ఇంకో కిలో. మొత్తం 85. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మన కాళ్లు పైకి మోసేది ఈ 85 కిలోలనీ. సైకిల్‌ని మాత్రమే కాదు. వేలకు వేలు పోసి అందులో ఒక కిలో తగ్గించామనుకోండి. 85లో ఒక వంతు తగ్గింది. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది 40 సెకన్లు, అదీ అదే ఓపికతో తొక్కితే. రేసులో 40 సెకన్లంటే చాలా పెద్ద తేడా, కాదనను. మనం పైకి చేరాక టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటాం.

ఇక చదును రోడ్డు మీద ఆ కిలో కనబడను కూడా కనబడదు. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి దాదాపు 150 వాట్లు కావాలి. అందులో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒక కిలో బరువు తగ్గితే చక్రాల రాపిడిలో మిగిలేది అర వాటు కూడా ఉండదు. మోచేతులు కాస్త వంచి, వీపు కిందికి దించితే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

చక్రాల సంగతి వేరు అంటారు చాలామంది. రిమ్ములో ఒక గ్రాము తగ్గితే ఫ్రేములో రెండు గ్రాములు తగ్గినట్టే అని. ఆ మాట నిజమే, కానీ వేగం అందుకునే ఆ కాసేపటికే. 30 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మనకు దాదాపు 3,000 జౌల్స్ శక్తి పడుతుంది. రిమ్ములు 400 గ్రాములు తేలికైతే అందులో మిగిలేది 28. వేగం అందుకున్నాక ఆ తేడా కూడా ఉండదు.

తేలిక పార్టు చెడ్డదని నేను అనడం లేదు. ఆ పనితనం అంటే నాకు చాలా ఇష్టం. 1972 అక్టోబరు 25న మెక్సికో సిటీలో బెల్జియం రేసరు ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఇటలీ సైకిళ్ల తయారీదారు కోల్నాగో ఆయనకు తయారుచేసిచ్చిన సైకిల్ 6 కిలోలు కూడా లేదు. బరువు తగ్గించడానికి చైను లింకులకు కూడా రంధ్రాలు వేశారు. దాని ఫొటో ఎప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆ సైకిల్ పని ఒక్క గంట. నున్నటి ట్రాకు మీద, గుంట లేని చోట. మన సైకిల్ పని పదేళ్లు, స్పీడ్ బ్రేకర్ల మీద.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీకి, ముందు పల్చటి రేసు టైర్లు, 35 గ్రాముల ట్యూబులు వేయించాను. మామూలు ట్యూబు 100 గ్రాములు ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు, ఎంత మురిసిపోయానో. చేవెళ్ల మర్రిచెట్లు దాటేలోపే రెండు పంక్చర్లు. సర్కారు తుమ్మ ముల్లు. మొదటిసారి ట్యూబు మార్చానే గానీ, టెన్షన్‌లో టైరు లోపల సరిగ్గా తడమలేదు. రెండోసారి రోడ్డు పక్కన కూర్చుని టైరును అంగుళం అంగుళం వేలితో వెతికితే, సూది మొనంత ముక్క చర్మానికి గుచ్చుకుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. రెండు ట్యూబుల్లో కలిపి నేను తగ్గించిన బరువు 130 గ్రాములు. ఆ ముల్లు వెతకడానికే దాదాపు గంట పోయింది. బ్రెవేకి ఉన్నది పదమూడున్నర గంటలే. ట్యూబులో తప్పేమీ లేదు. ముళ్లు లేని రోడ్డుకు చేసింది తెచ్చి మన రోడ్డు మీద వేశాను.

అందుకే డబ్బుంటే ముందు మంచి టైర్ల మీద పెట్టండి. తేలికవి కాదు, మెత్తగా దొర్లేవి, గట్టివి. తర్వాత సీటు, హ్యాండిల్ మీ ఒంటికి సరిపోయేలా సరిచేయించుకోండి. కార్బన్ పార్టులు కొంటే, ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచి చెప్పే టార్క్ రెంచి కూడా కొనండి. మామూలు అలెన్ కీతో బలమంతా పెట్టి బిగిస్తే వెంట్రుక మందాన చీలుతుంది, అది కంటికి ఆనదు.

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన మాట. తేలిక సైకిల్ నిజంగా కావలసింది మన పిల్లలకు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదేళ్ల పాప ఒకతి ఉంది. బరువు 25 కిలోలు. వాళ్ల నాన్న పుట్టినరోజుకని ఎంతో ప్రేమగా సైకిల్ కొన్నాడు. లావు టైర్లు, ముందూ వెనకా షాకర్లు, డిస్క్ బ్రేకు, చూడ్డానికి బైకులా ఉంది. గేటు దగ్గర చిన్న ర్యాంపు ఉంటుంది. ఆ పాప రోజూ అక్కడ దిగిపోయి, హ్యాండిల్ మీదికి ఒంగి తోసుకుంటూ ఎక్కేది. "ఎందుకమ్మా దిగుతావు?" అంటే "నాకు రాదంకుల్" అంది. ఆ సైకిల్ తీసుకెళ్లి కాటా మీద పెట్టాను. 14 కిలోలు! పాప బరువులో సగం కంటే ఎక్కువ. 75 కిలోల మనిషికి 42 కిలోల సైకిల్ ఇచ్చి తొక్కమన్నట్టు. ఆ పిల్లకు తొక్కడం రాక కాదు.

బయటి దేశాల్లో దీని మీద పట్టుదలగా పనిచేసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో ఐలా రౌంట్రీ 2006లో ఐలాబైక్స్ మొదలుపెట్టింది పిల్లలకు సరిపోయే తేలిక సైకిళ్ల కోసమే. ఆస్ట్రియాకు చెందిన వూమ్ కంపెనీ 20 అంగుళాల సైకిల్ 8 కిలోల లోపే ఉంటుంది. పెద్దవాళ్ల రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2000 నుంచి నిబంధన పెట్టింది. పిల్లల సైకిల్ ఇంతకు మించి ఉండకూడదని గీత గీసేవాళ్లు మన దుకాణాల్లో కనబడరు. మనమే అడగాలి.

ఖర్చు లేకుండా కూడా చాలా చేయొచ్చు. మేం ఆ సైకిల్‌కి స్టాండు, క్యారియర్, ముందు బుట్ట, ఇనుప మడ్‌గార్డులు తీసేశాం. లావు టైర్ల బదులు సన్నవి వేశాం. రెండు కిలోలకు పైగా దిగింది. వెనక షాకర్ ఫ్రేములో భాగం కాబట్టి ఏమీ చేయలేకపోయాం. కొనేటప్పుడే వద్దనుకోవలసింది అది. మూడో రోజు పాప ర్యాంపు దగ్గర దిగలేదు. పైకి వెళ్లాక వెనక్కి తిరిగి చూసింది, నేను చూశానా లేదా అని.

బయట వేపచెట్టు కింద వేలాడే కాటా కట్టి ఉంచాను. పిల్లల సైకిళ్లు తెచ్చినవాళ్లు ముందు అక్కడికి తీసుకురండి. స్పానర్లు నా దగ్గర ఉన్నాయి.