సముద్రపు గాలిని ఉపగ్రహం సరిగ్గానే కొలుస్తోందా?

[తెరపై: బంగాళాఖాతం పటం. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోట ఎర్రచుక్క.]

కావలి తీరం నుంచి నేరుగా తూర్పుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే, హిందూ మహాసముద్రంలో ‘రామా’ పేరుతో లంగరు వేసి నిలిపిన బోయ్‌లలో, అంటే కొలత పరికరాలు మోసే తేలుడు వేదికలలో, ఒకదాని స్థానం వస్తుంది. ఆ బోయ్‌ల మీద గాలివేగాన్ని కొలిచే పరికరం నీటిమట్టానికి 4 మీటర్ల ఎత్తున ఉంటుంది. అదే నీటిని ఏడు వందల కిలోమీటర్లకు పైబడిన ఎత్తు నుంచి, 2022 నవంబరు 26న శ్రీహరికోటలో బయలుదేరిన భారత ఉపగ్రహం ఓషన్‌శాట్-3 కూడా స్కాటరోమీటర్ అనే తన రాడార్ పరికరంతో గమనిస్తుంది. ఒకే గాలికి ఈ రెండూ రెండు అంకెలు చెబితే తప్పు ఉపగ్రహానిదేనని తేల్చేయడం తొందరపాటు.

[తెరపై: నీటిమీది సన్నని అలలు. వాటిని తాకి వెనక్కి మళ్లే రాడార్ తరంగాలు.]

నిజానికి ఉపగ్రహం గాలిని కొలవదు. గాలి రేపిన సెంటీమీటర్ల పరిమాణంలోని చిరుఅలల నుంచి వెనక్కి వచ్చే రాడార్ తరంగాల బలాన్ని కొలిచి, 10 మీటర్ల ఎత్తున గాలి ఎంత ఉంటే అలలు అంత గరుకుగా ఉంటాయో ఒక అనుభవసూత్రం ద్వారా అంచనా వేస్తుంది. అందువల్ల పోలికకు ముందు బోయ్ అంకెను కూడా 10 మీటర్ల ఎత్తుకు తేవాలి. ఉదాహరణకు 4 మీటర్ల ఎత్తున సెకనుకు 7 మీటర్ల గాలి నమోదైతే, 10 మీటర్ల ఎత్తున అది సుమారు 7.6 అవుతుంది. ఈ సవరణ మరిచిపోయినవారికి ఏ దోషమూ లేని ఉపగ్రహం కూడా 0.6 ఎక్కువ చెబుతున్నట్టు కనిపిస్తుంది. గాలికీ నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే ఈ సవరణ కూడా మారుతుంది. మరో చిక్కు, నీరు నిశ్చలంగా ఉండదు. చిరుఅలలకు తెలిసేది కదిలే నీటికి సాపేక్షంగా ఉన్న గాలి మాత్రమే కాబట్టి, గాలి వీచే వైపే ప్రవాహం బలంగా సాగే చోట ఉపగ్రహం తక్కువ చెబుతుంది, లంగరు వేసిన బోయ్ చెప్పదు.

[తెరపై: 25 కిలోమీటర్ల చదరం. దాని మధ్యలో ఒక చుక్క.]

స్థలకాలాల తేడా దీనికంటే లోతైనది. ఉపగ్రహం సుమారు 25 కిలోమీటర్ల చదరానికి ఆ క్షణాన ఒక సగటు ఇస్తుంది. బోయ్ ఇచ్చేది ఒక్క బిందువు దగ్గరి కొన్ని నిమిషాల సగటు. సెకనుకు 7 మీటర్ల గాలి 25 కిలోమీటర్లు దాటడానికి దాదాపు గంట పడుతుంది. అందుకే సాధారణంగా 25 కిలోమీటర్ల దూరం, 30 నిమిషాల వ్యవధి లోపల దొరికిన జతలనే పోలుస్తారు. అయినా ఆ చదరంలో ఒక మూల మేఘం కింద చెలరేగిన గాలి బోయ్‌ను తాకకుండానే పోవచ్చు.

జతలు కుదిరాక వచ్చే అంకెలను చదవడంలోనూ మెళకువ కావాలి. వేగం ఎప్పుడూ సున్నాకు దిగువకు పోదు కాబట్టి, బోయ్ చాలా తక్కువ గాలి చూపిన సందర్భాలను మాత్రమే ఏరి చూస్తే ఉపగ్రహం ఎప్పుడూ ఎక్కువ చెబుతున్నట్టే తేలుతుంది. అది పరికర దోషం కాదు, ఏరిన పద్ధతి దోషం. గాలిని తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ భాగాలుగా విడదీసి పోల్చడం మేలని నా అభిప్రాయం. ఇక వాన సంగతి. ఓషన్‌శాట్-3 వాడే సుమారు 2 సెంటీమీటర్ల తరంగాలను వానచినుకులు బాగా చెదరగొడతాయి కనుక వాన పడిన చదరాలను వేరుచేయాలి. ఐరోపా మెటాప్ ఉపగ్రహాల 5 సెంటీమీటర్లకు పైబడిన తరంగాలకు ఈ బెడద తక్కువ.

[తెరపై: త్రిభుజం. మూలల్లో బోయ్, ఉపగ్రహం, కంప్యూటర్ లెక్కగట్టే వాతావరణ నమూనా.]

రెండు గడియారాలు వేర్వేరు సమయాలు చూపితే ఏది తప్పో తెలియదు, మూడోది కావాలి. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త అడ్ స్టోఫెలెన్ 1998లో గాలి కొలతలకు ప్రతిపాదించిన మూడింటి పోలిక పద్ధతికి మూలం ఇదే. మూడింటి దోషాలకు పరస్పర సంబంధం లేకపోతే, ఏ రెండింటి తేడాకైనా విస్తృతి (సగటు నుంచి చెదిరిన దూరాల వర్గాల సగటు) ఆ రెండింటి దోష విస్తృతుల మొత్తమే. ఊహా అంకెలతో చూద్దాం: బోయ్-ఉపగ్రహం 2.0, బోయ్-నమూనా 2.7, ఉపగ్రహం-నమూనా 1.7. మొదటిదాన్నీ చివరిదాన్నీ కూడి, మధ్యదాన్ని తీసివేసి సగం చేస్తే ఉపగ్రహ దోషం 0.5 అని తేలుతుంది. బోయ్‌ది 1.5. బోయ్ చెడ్డదని దీనర్థం కాదు. చదరం సగటులో కనిపించని చిన్న సుడులను అది పట్టుకోవడం ఇక్కడ దోషంగా లెక్కకొస్తుంది. నమూనా అదే ఉపగ్రహ సమాచారాన్ని ముందే జీర్ణించుకుని ఉంటే మాత్రం దోషాలు స్వతంత్రమన్న ఊహే కూలిపోతుంది.

[తెరపై: తుపాను కన్ను.]

తుపానులో ఈ లెక్కంతా తడబడుతుంది. ఎత్తైన అలల మధ్య పల్లంలోకి దిగిన బోయ్‌కు గాలి మరుగుపడుతుంది, సెకనుకు 25 నుంచి 30 మీటర్లు దాటాక రాడార్ ప్రతిస్పందన దాదాపు పెరగడం మానేస్తుంది. అప్పుడు విమానం నుంచి జారవిడిచే పరికరాలతో పోలుస్తారు. అక్కడ కూడా భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటునూ, అమెరికా సంస్థలు 1 నిమిషం సగటునూ వాడతాయి కాబట్టి, ముందుగా సగటు వ్యవధిని సరిచేసిన తరువాతే పోలిక మొదలవుతుంది.