‘క్యారేజీ మూత పెట్టమన్నారు మేడమ్’

(ఆదివారం ఉదయం ఫోన్-ఇన్, విజయవాడ. హాస్టల్ తిండి గొడవల మీద సలహాలిచ్చింది విద్యార్థుల కేసులు చూసే న్యాయవాది ఒకరు. కాలర్ల పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాం.)

యాంకర్: గుంటూరు నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నాడు. టీవీ సౌండ్ కాస్త తగ్గించు నాయనా. ఆ, చెప్పు.

కాలర్: నమస్తే మేడమ్. పీజీ రెండో ఏడు చదువుతున్నా. సంక్రాంతికి ఇంటికెళ్లి తిరిగొస్తుంటే మా అమ్మ గొడ్డు మాంసంతో గోంగూర తునకలు వండి క్యారేజీ కట్టింది. మెస్‌లో ఓ మూల కూర్చుని పైగిన్నె మూత తీశానో లేదో, పక్క బల్ల మీదవాళ్లు ఇద్దరు లేచెళ్లి వార్డెన్‌ని పిలుచుకొచ్చారు. ఆయన దగ్గరకు కూడా రాలేదు. దూరం నుంచే ‘మూత పెట్టు, ఇక్కడ కుదరదు’ అన్నాడు.

న్యాయవాది: పెట్టేశావా?

కాలర్: పెట్టేశా మేడమ్. వాటర్ ట్యాంకు వెనక్కెళ్లి నిలబడి తిన్నా.

న్యాయవాది: మొత్తం తిన్నావా?

కాలర్: సగం. మిగతాది పారబొయ్యబుద్ధి కాలేదు, అమ్మ చేసింది కదా. ఊళ్లో ఉండే ఫ్రెండ్‌కి ఇచ్చేశా. ఇప్పుడు మావాళ్లంతా ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతికి, క్యాంపస్‌లోనే పెద్దకూర (గొడ్డు మాంసం) పండగ పెడదాం అంటున్నారు. చేస్తే సస్పెండ్ చేస్తారని సీనియర్ ఒకాయన భయపెడుతున్నాడు. ఏం చెయ్యాలో తెలియట్లేదు.

న్యాయవాది: ముందు చట్టం సంగతి చెప్తా, ఎందుకంటే దీని మీద పుకార్లే ఎక్కువ. మనకి 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ఉంది. ఆవునూ, ఆవు దూడనూ, గేదె దూడనూ కొయ్యకూడదు. ఎద్దు, దున్న, గేదె అయితే పనికీ పాడికీ పనికిరాదని సర్టిఫికెట్ ఉంటేనే కొయ్యాలి. ఆ చట్టం మాట్లాడేదంతా కొయ్యడం గురించే. తినడం నేరమని అందులో ఎక్కడా లేదు. కాబట్టి నువ్వు క్యారేజీ తెరిచినందుకు నేరం చెయ్యలేదు. ఇది ముందు మనసులో పెట్టుకో.

కాలర్: మరి వార్డెన్ రూల్ అన్నాడు?

న్యాయవాది: ఏ రూలు? హాస్టల్ హ్యాండ్‌బుక్‌లో ఉందా?

కాలర్: నాకు కనపడలేదు మేడమ్.

న్యాయవాది: అక్కడ పట్టుకోవాలి. ‘ఫలానా తేదీన ఫలానా టైముకి నన్ను మెస్‌లోంచి పంపేశారు, ఏ నిబంధన కింద?’ అని ఒక్క పేజీ కాగితం రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. ముద్ర మర్చిపోవద్దు, నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం ఆ ముద్ర లేకే బలహీనపడతాయి. జవాబు రాకపోతే విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి వెళ్లు. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2023 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఆ కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. నచ్చకపోతే అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఆ కమిటీ పైన అప్పీళ్లు వినే వ్యక్తికి, అప్పీలు చేసుకోవచ్చు. కులం కోణం ఉందనిపిస్తే అదీ రాయి, మొహమాటపడకు.

యాంకర్: పండగ సంగతి ఏంటి మేడమ్? తమ్ముడు అడిగిందదే.

న్యాయవాది: వస్తున్నా. ఉస్మానియా యూనివర్సిటీలో 2012 ఏప్రిల్‌లో ఇలాంటి పండగే పెట్టారు. వండారు, వడ్డించారు, పాటలు పాడారు. తర్వాత రాళ్లు పడ్డాయి, ఒక విద్యార్థికి కత్తిపోటు, పోలీసుల టియర్ గ్యాస్. 2015 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం రోజు, మళ్లీ తలపెట్టారు. ఉమ్మడి హైకోర్టు వద్దంది, పోలీసులు ముందే పట్టుకెళ్లారు, పండగ జరగనివ్వలేదు. నేనా పండగల్ని తప్పుపట్టను బాబూ. మా ఇళ్లలో గుట్టుగా తినే కూర పేరు పేపర్లోకి ఎక్కింది వాటి వల్లే. కానీ మన జిల్లాల్లో సభలకీ ఊరేగింపులకీ పోలీసు అనుమతి కావాలనే సెక్షన్ 30 పోలీస్ యాక్ట్ తరచూ ఏదో పేరుతో అమల్లో ఉంటూనే ఉంటుంది. అనుమతి లేకుండా సభ పెడితే స్టేషన్‌కే. అరెస్టయ్యాక మొదటి ఫోన్ నాకే చేస్తారు, అందుకే ముందే చెప్తున్నా. నీకు స్కాలర్‌షిప్ వస్తోందా?

కాలర్: వస్తోంది మేడమ్. ఫీజంతా దాని మీదే.

న్యాయవాది: అయితే ఏప్రిల్ 14 లోపు ఆ కాగితం ఇచ్చెయ్యి. దానికి జవాబేమొచ్చిందో చూసి అప్పుడు పండగ గురించి మీవాళ్లతో కూర్చో. వద్దని నేననను, నిర్ణయం మీది.

యాంకర్: ఇంకో కాల్. విజయవాడ, ఇంజినీరింగ్.

కాలర్: మేడమ్, నేను వెజ్. ఆ బ్రదర్ చెప్పింది విన్నా, బాధేసింది. కానీ మా మెస్‌లో చికెన్ గరిటె తీసి పప్పులో పెడతారు. అడిగితే ‘ఇంట్లో తినిపో’ అంటారు. నేనేమైనా తప్పు అడుగుతున్నానా?

న్యాయవాది: అస్సలు కాదు. వేరే గరిటె, వేరే గిన్నె, వీలైతే వేరే పొయ్యి అడుగు, నేనూ నీకు సంతకం పెడతా. వేరే బల్ల మాత్రం అడక్కు.

కాలర్: వాసన పడదు మేడమ్.

న్యాయవాది: నాకు బెండకాయ జిగురు పడదు. లేచెళ్లి వార్డెన్‌ని పిలవను కదా! నవ్వొద్దు. మన రాష్ట్రంలో కేంద్ర ప్రభుత్వం చేసిన 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు 98 శాతం మంది మాంసాహారులు. మిగతా రెండు శాతానికి కడుపునిండా మర్యాదగా పెట్టాలి, ఆ బాధ్యత మెస్‌ది. పక్కవాడిని లేపడం మెస్ పని కాదు. నా సోషల్ వెల్ఫేర్ హాస్టల్ రోజుల్లో గుడ్డుని దారంతో రెండుగా కోసేవాళ్లు. తిననివాళ్ల సగం ఎవరికివ్వాలా అని వరుసలో కొట్టుకునేవాళ్లం. అప్పుడు మాకు బల్లలే లేవులే.

యాంకర్: (నవ్వు) గుంటూరు నుంచి ఒకమ్మాయి. త్వరగా చెప్పమ్మా.

కాలర్: మేడమ్, మాకు సాంబారులో నీళ్లు, నీళ్లలో సాంబారు. మెస్ బిల్లు మాత్రం నెలనెలా పెరుగుతోంది. అడిగితే ‘రాజకీయాలు చెయ్యొద్దు’ అంటున్నారు.

న్యాయవాది: మెస్ కాంట్రాక్టు కాపీ, గత మూడు నెలల సరుకుల రిజిస్టరు కావాలని ఆర్టీఐ పెట్టమ్మా. ప్రభుత్వ కాలేజీయే కదా? పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. కందిపప్పు ఎన్ని కిలోలు కొన్నారో, ప్లేటులో ఎంత పడిందో మీరే లెక్కేస్తారు. రాజకీయమంటే అదే, చెయ్యండి.

యాంకర్: చివరి కాల్, తెనాలి నుంచి అమ్మగారు.

కాలర్: అమ్మా, మావాడు బయటి రాష్ట్రంలో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చదువుతున్నాడండి. అక్కడ కొన్ని బల్లలు వెజ్ వాళ్లకేనంట. వీడు, వీడి ఫ్రెండ్స్ వెళ్లి అక్కడే కూర్చుంటామంటున్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్.

న్యాయవాది: ఐఐటీ బాంబేలో 2023లో ఇలాగే ఆరు బల్లలు వేరు చేశారండి. నిరసనగా అక్కడ కూర్చున్న పిల్లాడికి పదివేలు జరిమానా వేశారు. ఐఐటీ మద్రాస్ మెస్‌లో 2018లో గేటు వేరు, చేతులు కడుక్కునే చోటు వేరు అని పోస్టర్లు పెట్టారు. పిల్లలు ఫోటోలు తీసి బయటపెట్టారు, పోస్టర్లు ఊడాయి. ఢిల్లీ జేఎన్‌యూలో 2022 శ్రీరామనవమి రోజు మెస్ చికెన్ దగ్గర గొడవ మొదలై పిల్లల తలలు పగిలాయి. మూడూ జరగొచ్చు, మీకు అబద్ధం చెప్పను.

కాలర్: మరి నోరు మూసుకోమని చెప్పనా?

న్యాయవాది: మీరు చెప్తే వింటాడా?

కాలర్: వినడు.

న్యాయవాది: అయితే ఒంటరిగా వెళ్లొద్దని, ఎవరి మీదా చెయ్యెత్తొద్దని, గొడవ మొదలైతే ఫోన్లో రికార్డ్ చెయ్యమని చెప్పండి. ఆర్డర్ కాగితం మీద ఉంటేనే పాటించాలని, నోటిమాట ఆర్డరు కాదని కూడా చెప్పండి.

కాలర్: వచ్చే వారం వాళ్ల నాన్న వెళ్తున్నారు. రొయ్యల పచ్చడి పెట్టాను. పంపనా, వద్దా? దానికీ గొడవవుతుందేమో.

న్యాయవాది: పంపండమ్మా. మాగాయ కూడా ఓ సీసా పెట్టండి, ఆ బల్ల వాళ్లకి.