కారులో ఎవరున్నారో చూసి దారి వేయాలి: అలబామా ప్రయాణంపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో కారు ప్రయాణాల గురించి చెప్పుకుంటున్న మనం ఈ వారం అలబామాకు వచ్చాం. ఆ రాష్ట్రాన్ని చాలాసార్లు చుట్టివచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు, మన మాస్టారు, మీ సందేహాలకు జవాబు చెబుతారు. మొదటి ఫోను నాష్‌విల్ నుంచి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. మాకు ఒక్క శనివారమే ఖాళీ దొరికింది. పదేళ్ళ మా అబ్బాయికి హంట్స్‌విల్‌లోని రాకెట్ కేంద్రం చూపించి అదే రోజు తిరిగి రావచ్చా?

మాస్టారు: నిశ్చింతగా రావచ్చునండి, పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. అయితే అక్కడికి వెళ్ళిన పిల్లలు ఆటల దగ్గరే ఆగిపోతుంటారు కాబట్టి, తలుపులు తీయగానే ముందుగా చంద్రయాత్రల రాకెట్ శాటర్న్ 5 ఉన్న భవనంలోకి తీసుకువెళ్ళండి. 363 అడుగుల ఆ రాకెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి పైన నిలిపారు. దాని కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా అబ్బాయిని నడవనివ్వండి, అంకెగా విన్నప్పుడు తలకెక్కని పొడవు నడిస్తే తెలుస్తుంది. అది పరీక్షల కోసం తయారుచేసినదే కాని ఎగిరినది కాదు, ఆ మాట కూడా ముందే చెప్పండి, లేకపోతే వాడే మిమ్మల్ని పట్టుకుంటాడు.

నిర్వాహకురాలు: తరువాతి ఫోను అట్లాంటా నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చారు. ఏప్రిల్ నెలాఖరులో నాలుగు రోజులు సెలవు పెట్టి, వాళ్ళకు బర్మింగ్‌హామ్, హంట్స్‌విల్, మాంట్‌గమరీ, సెల్మా చూపించి, చివరి రోజు గల్ఫ్ షోర్స్‌లో తెల్ల ఇసుక తీరానికి తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము.

మాస్టారు: అమ్మా, మొదటిసారి నేనూ సరిగ్గా ఇలాగే పట్టిక వేసుకొని బయలుదేరాను, ఇంటికి వచ్చాక నాకు గుర్తున్నవి పెట్రోలు బంకులే. నాన్నగారు ఏం చేసేవారు?

శ్రోత: వ్యవసాయమేనండి. ముప్పై ఏళ్ళు వేరుశనగ పండించారు.

మాస్టారు: అయితే మీ దారి వేరు. హంట్స్‌విల్‌ను, సముద్రాన్ని ఈసారికి వదిలేయండి. బర్మింగ్‌హామ్‌ను వదలమనడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే 1963 సెప్టెంబరు 15న బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయిన నల్లవారి పదహారో వీధి చర్చి ఉన్నది అక్కడే. కాని అది మీ ఊరి నుంచి సుమారు 150 మైళ్ళే కనుక మరో ఆదివారం వెళ్ళి రావచ్చు. ఇప్పుడు మీరు ఐ-85 రహదారి మీద నేరుగా టస్కీగీకి వెళ్ళండి. రాష్ట్ర సరిహద్దు దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది, ఆ గంట మీకు మొదటి రోజు కలిసివచ్చి తిరుగు ప్రయాణంలో పోతుంది.

శ్రోత: టస్కీగీలో ఏముందండీ?

మాస్టారు: 1881లో బుకర్ టి. వాషింగ్టన్ నల్లజాతి విద్యార్థుల కోసం మొదలుపెట్టిన విద్యాసంస్థ ఉంది. అక్కడి పాత భవనాలను విద్యార్థులే ఇటుకలు కాల్చి కట్టుకున్నారు. 1896లో అక్కడికి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్, ఏటేటా పత్తి వేసి వేసి సారం చచ్చిన నేలకు వేరుశనగ, అలసంద వంటి పంటలతో మళ్ళీ బలం తెప్పించవచ్చునని రైతులకు నేర్పాడు. బడికి రాలేని రైతుల దగ్గరకు బడినే పంపాలని 1906లో పనిముట్లు, విత్తనాలు నింపిన గుర్రపు బండిని ఊళ్ళకు తిప్పారు. పీనట్ బటర్‌ను, అంటే వేరుశనగ ముద్దను, ఆయనే కనిపెట్టాడని చాలామంది చెబుతారు కాని అది నిజం కాదు. ఆయన గొప్పతనానికి ఆ అబద్ధం అవసరమూ లేదు. ఆయన పేరిట ఉన్న మ్యూజియం తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కొని వెళ్ళండి.

నిర్వాహకురాలు: రాత్రి బస ఎక్కడ మాస్టారూ?

మాస్టారు: అక్కడికి సుమారు 40 మైళ్ళ దూరంలోని మాంట్‌గమరీలో. రెండు రాత్రులూ అక్కడే ఉంటే పెద్దవాళ్ళకు రోజూ పెట్టెలు సర్దే శ్రమ తప్పుతుంది. 1955 డిసెంబరు 1న, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనన్న నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌ను అరెస్టు చేసిన ఊరది. ఆ తరువాత 381 రోజులు నల్లవారు సిటీ బస్సులు ఎక్కకుండా నడిచారు. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చి వెళ్ళిన సంగతి నాన్నగారికి చెప్పండి. 2018లో తెరిచిన స్మారకంలో, గుంపులు కొట్టి చంపిన వేలాది మంది నల్లవారి పేర్లు చెక్కిన 800కు పైగా ఉక్కు స్తంభాలు ఉన్నాయి. మొదట అవి మన ఎదురుగా నేల మీద ఉంటాయి, నడిచేకొద్దీ మన కాళ్ళ కింది నేల దిగుతూ పోయి అవి తల మీద వేలాడుతుంటాయి. అక్కడ ఎవరూ వివరించనక్కరలేదు. ఏటవాలు నేల కాబట్టి ఉదయం చల్లపూటే వెళ్ళండి.

శ్రోత: సెల్మాలో వంతెన తప్ప చూడటానికి ఇంకేమీ లేదని అన్నారు.

మాస్టారు: ఆ వంతెన చాలమ్మా. 1965 మార్చి 7న నల్లవారి ఓటు హక్కు కోసం సుమారు ఆరు వందల మంది దాని మీద నడిచారు. వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది కాబట్టి, ఊరి వైపు నుంచి ఎక్కేవారికి అవతలి ఒడ్డున లాఠీలతో నిలుచున్న పోలీసులు నడుమకు చేరేదాకా కనబడలేదు. కారు దిగి, పక్కనున్న కాలిబాట మీద మీరూ ఆ నడిమి దాకా నడవండి. మన దగ్గర 1952 నాటికే ఓటు వేసిన కూలీలు ఉన్నారన్న సంగతి అక్కడ నిలబడితే కొత్తగా తోస్తుంది.

శ్రోత: మా అమ్మ మాంసం ముట్టదండీ. భోజనం సంగతి?

మాస్టారు: జాగ్రత్త అక్కడే కావాలి. ఆకుకూర, చిక్కుడు గింజలు చూడటానికి శాకాహారంలా ఉన్నా, చాలాచోట్ల వాటిని పంది మాంసం వేసి ఉడికిస్తారు; అడిగి మరీ తెప్పించుకోండి. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, మాగాయ ముక్క వెంట ఉంటే అమ్మగారికి ఇబ్బంది ఉండదు. బెండకాయ వేపుడు, పచ్చి టమాటా బజ్జీ దొరుకుతాయి కాని ఏ నూనెలో వేయించారో అవి కూడా అడిగే తినాలి. దారి పక్కన ఉప్పునీళ్ళలో ఉడికించిన వేరుశనక్కాయలు అమ్ముతుంటారు, అక్కడ మాత్రం కారు ఆపకుండా వెళ్ళకండి. మరో మాట: ఏప్రిల్‌లో టోర్నడోలు, అంటే పెను సుడిగాలులు వస్తాయి, హెచ్చరికలను కౌంటీ పేరుతో, అంటే మన జిల్లా లాంటి దాని పేరుతో చెబుతారు కాబట్టి, ఏ కౌంటీలో ఉన్నారో ఎప్పటికప్పుడు తెలుసుకొని ఉండండి.

శ్రోత: మరి మూడో రోజు ఎటు వెళ్ళమంటారు?

మాస్టారు: దక్షిణాన ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊరికి. మెక్సికో వైపు నుంచి పాకిన ముక్కు పురుగు 1915 ప్రాంతంలో అక్కడి పత్తిని నాశనం చేస్తే, రైతులు వేరుశనగకు మారి అంతకుముందెన్నడూ చూడని రాబడి చూశారు. 1919లో ఆ పురుగుకు కృతజ్ఞతగా ఊరి నడిబొడ్డున స్మారకం నిలిపారు. ఒక స్త్రీ తల మీదుగా చేతులెత్తి పెద్ద పురుగును పట్టుకొని ఉంటుంది. ఆ పురుగును మాత్రం 1949లో చేర్చారు.

శ్రోత: నాన్న పక్కనే వింటున్నారండీ, ఫోను ఇవ్వమంటున్నారు.

తండ్రి: నమస్కారం సార్. పంట తిన్న పురుగుకు మొక్కినారంటే, మా ఎర్ర గొంగళికి ఎన్ని గుళ్ళు కట్టాలో మరి. అది సరే, వాళ్ళు శనక్కాయలు ఎప్పుడు విత్తుతారు?

మాస్టారు: ఏప్రిల్ చివరి నుంచి మే నెలంతా విత్తుతారు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెరుకుతారు. మీరు వెళ్ళేసరికి మొక్క కనబడకపోవచ్చు కాని దున్నిన చేలు కనబడతాయి.

తండ్రి: చాలు సార్. దున్నిన చేను చూస్తే తక్కినది నాకు తెలుస్తుంది.